కారు ఛాంబర్‌కు సొట్ట పడితే

స్టాఫ్ లోను మీద కారు కొన్న కొత్తలో తలుపు మీద చిన్న గీత పడినా మనకు ఆ రాత్రి నిద్ర పట్టదు. అదే కారు అడుగున, కంటికి కనపడని చోట, గుప్పెడంత సొట్ట పడితే మాత్రం "బండి నడుస్తోందిగా" అని వదిలేస్తాం. గీత వల్ల పోయేది అందం మాత్రమే. అడుగున సొట్ట పడిన చోటు సరిగ్గా ఇంజన్ ఆయిల్ ఉండే ఛాంబర్ అయితే, పోయేది ఇంజనే కావచ్చు. అందులోనూ చిక్కేమిటంటే, ఆయిల్ కారితే మనకు వెంటనే తెలుస్తుంది, జాగ్రత్త పడతాం. ఒక్క చుక్క కూడా కారని సొట్ట ఒక్కోసారి కారే సొట్ట కంటే ప్రమాదం. ఆ సంగతే మన బ్యాంకు కుటుంబాలకు వివరంగా చెబుదామని ఈ వ్యాసం.

ఛాంబర్ అంటే ఏమిటి?

ఇంజన్ కింది భాగాన తొట్టిలాంటి ఒక పళ్లెం బోల్టులతో బిగించి ఉంటుంది. కంపెనీ పుస్తకాల్లో దాన్ని ఆయిల్ పాన్ అనీ, ఆయిల్ సంప్ అనీ రాస్తారు. మన విజయవాడ ఆటోనగర్‌లో అయినా, ఇక్కడి కోల్‌కతా గ్యారేజీల్లో అయినా మెకానిక్కులు పిలిచే పేరు ఛాంబర్. చిన్న కార్లలో ఇందులో సుమారు 3 నుంచి 4 లీటర్ల ఆయిల్ పడుతుంది.

ఈ ఆయిల్ అక్కడ ఊరికే నిలవ ఉండదు. ఛాంబర్ లోపల, అడుగుకు కొద్ది మిల్లీమీటర్ల ఎత్తున, ఒక గొట్టం మూతి కిందికి చూస్తూ ఉంటుంది. ఆ మూతికి సన్నటి జాలీ ఉంటుంది. దీన్ని స్ట్రైనర్ అంటారు. ఇంజన్ తిరగగానే ఆయిల్ పంపు ఈ స్ట్రైనర్ ద్వారా ఆయిల్‌ను పైకి పీల్చి, ఫిల్టర్ గుండా వడకట్టి, క్రాంక్ బేరింగులకూ, పైనున్న క్యామ్ షాఫ్టుకూ పంపుతుంది. పని చేసిన ఆయిల్ మళ్లీ జారి ఛాంబర్‌లోకే వస్తుంది.

క్రాంక్ షాఫ్టుకూ దాని బేరింగుకూ మధ్య ఉండేది వెంట్రుక కంటే పలచని ఆయిల్ పొర. ఇంజన్ సవ్యంగా ఉన్నంతకాలం ఆ రెండు లోహాలూ ఒకదాన్నొకటి దాదాపు తాకవు, మధ్యలో ఆయిల్ మీద తేలుతూ తిరుగుతాయి. నిమిషానికి 3,000 చుట్లంటే సెకనుకు 50 చుట్లు. ఆ వేగంలో ఆయిల్ అందకపోతే బేరింగు వేడెక్కి అరిగి, చివరికి క్రాంకుకు అతుక్కుపోతుంది. ఇంజన్ పట్టేసింది, సీజ్ అయింది అంటారే, అది ఇదే.

ఛాంబర్ ఇంజన్‌లో అన్నిటికంటే కింద ఉంటుంది కాబట్టి రాయి తగిలినా, గతుకు తగిలినా చాలా కార్లలో మొదట దెబ్బ తినేది అదే. మన చిన్న కార్లు చాలావాటికి నేలకూ అడుగుకూ మధ్య ఖాళీ 165 నుంచి 170 మిల్లీమీటర్లు. అది ఖాళీ కారుకు చెప్పే లెక్క. ఐదుగురు ఎక్కి, డిక్కీలో సామాను పెడితే స్ప్రింగులు కుంగి ఆ ఖాళీ ఇంకా తగ్గుతుంది.

మెటియాబ్రుజ్ రోడ్లు

బదిలీ మీద కోల్‌కతా వచ్చాక నా రోజువారీ దారి గార్డెన్ రీచ్, మెటియాబ్రుజ్ మీదుగా సాగుతోంది. మట్టి బురుజు అన్న మాటే మెటియాబ్రుజ్ అయిందంటారు. 1856లో ఇంగ్లీషువాళ్లు అవధ్ రాజ్యాన్ని కలుపుకున్నాక, నవాబు వాజిద్ అలీ షా వచ్చి స్థిరపడింది ఇక్కడే. 1887లో చనిపోయేదాకా ఆయన ఇక్కడే ఉండి, హుగ్లీ ఒడ్డున చిన్న లక్నో కట్టుకున్నాడు. ఆయన సమాధి ఉన్న సిబ్తైనాబాద్ ఇమాంబారా ఇప్పటికీ ఉంది. మన తెలుగువాళ్లకూ ఈ చుట్టుపక్కల పరిచయం పాతదే. ఒకప్పుడు వాల్తేరు డివిజన్‌ను కూడా నడిపిన ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం గార్డెన్ రీచ్‌లోనే ఉంది.

ఇప్పుడు మెటియాబ్రుజ్ అంటే రెడీమేడ్ బట్టలు. సందు సందునా కుట్టు మిషన్ల చప్పుడే. వారాంతపు హాట్‌లకు ఎక్కడెక్కడి నుంచో వ్యాపారులు వచ్చి మూటలు కట్టించుకు వెళతారు. పక్కనే రేవు, నౌకలు కట్టే కర్మాగారం. అంటే ఒకే రోడ్డు మీద కంటైనర్ ట్రైలర్లు, బట్టల మూటలు వేసుకున్న వ్యాన్లు, ఆటోలు, మన చిన్న కార్లు. భారీ బళ్లు తిరిగే చోట తారు కుంగి చక్రాల గాళ్లు పడతాయి, మధ్యలో గట్టులా లేచి ఉంటుంది. పెద్ద బండికి అది లెక్కలోది కాదు. మన కారుకు ఆ గట్టు సరిగ్గా ఛాంబర్ కిందికి వస్తుంది.

దానికి తోడు వానాకాలం. కోల్‌కతాలో వాన గట్టిగా పడే వేళకే హుగ్లీలో పోటు ఉంటే, నది నీరు ఊళ్లోకి ఎగదన్నకుండా కాలువల తలుపులు మూసేస్తారు. పోటు తీసేదాకా వాన నీరు రోడ్ల మీదే. ఆ నీళ్ల కింద గుంట ఉందో, మూత లేచిన మ్యాన్‌హోల్ ఉందో పైకి తెలియదు.

దెబ్బ తగిలిన మొదటి పది నిమిషాలు

దసరాకు పది రోజుల ముందు అలాంటి ఒక సాయంత్రం, మడమల లోతు నీళ్లలో నెమ్మదిగా వస్తుండగా కారు కింద "దబ్" మని చప్పుడైంది. కాలువ మీది కాంక్రీటు పలక ఒకటి లేచి అడ్డంగా ఉంది. అప్పుడు చేసిన పనులు వరుసగా చెబుతాను. ఎవరికైనా, ఏ ఊళ్లోనైనా ఇవే పనికొస్తాయి.

మొదటిది, నీళ్లలోంచి బయటపడి, ఎత్తుగా ఉన్న చోట కారు పక్కకు ఆపి వెంటనే ఇంజన్ కట్టెయ్యాలి. "ఇంటికి రెండు కిలోమీటర్లేగా" అన్న ఆలోచన వద్దు. ఛాంబర్ పగిలి ఉంటే ఉన్న ఆయిలంతా కారిపోవడానికి రెండు కిలోమీటర్లు చాలు.

రెండోది, డ్యాష్‌బోర్డు. ఎర్ర రంగులో అల్లావుద్దీన్ దీపం లాంటి గుర్తు ఒకటి ఉంటుంది, కొమ్ము చివర ఒక చుక్క. అది ఆయిల్ ప్రెషర్ గుర్తు. కారు నడుస్తుండగా అది వెలిగితే ఆ క్షణమే ఇంజన్ ఆపాలి, మళ్లీ స్టార్ట్ చేయకూడదు. టోయింగ్ బండి పిలిపించుకోవాల్సిందే.

మూడోది, కారు కింద చూడటం. ఫోన్ టార్చ్ వేసి బయటి నుంచే వంగి చూస్తే చాలు. జాకీ ఒక్కటే పెట్టి కారు కిందకు ఎవరూ దూరకూడదు. జాకీ జారితే ప్రాణం పోతుంది. కింద కారుతున్నది ఏమిటో రంగును బట్టి, జిగటను బట్టి చాలావరకు తెలుస్తుంది. ముదురు గోధుమ రంగో నలుపో ఉండి, వేళ్ల మధ్య జారుతుంటే ఇంజన్ ఆయిల్. పచ్చగానో ఎర్రగానో పలచగా నీళ్లలా ఉంటే కూలెంట్ కావచ్చు. ఏసీ కింద పడేది వట్టి నీరు.

నాలుగోది, డిప్‌స్టిక్. సమంగా ఉన్న నేల మీద ఇంజన్ ఆపి ఐదు పది నిమిషాలయ్యాక, ఒకసారి తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడాలి. రెండు గీతల మధ్య ఆయిల్ ఉండాలి. ఇక్కడ ఒక కిటుకు ఉంది. సొట్ట లోపలికి వచ్చినందువల్ల ఛాంబర్‌లో చోటు తగ్గి, ఆయిల్ మట్టం కాస్త పైకి కనిపించవచ్చు. కాబట్టి మట్టం బాగుందంటే ఛాంబర్ బాగున్నట్టు కాదు.

మాకు దీపం వెలగలేదు. కింద ఏమీ కారడం లేదు. డిప్‌స్టిక్ బాగానే ఉంది. స్టార్ట్ చేస్తే రెండు సెకన్లలో దీపం ఆరిపోయింది, శబ్దంలో తేడా లేదు. మెల్లగా ఇంటికి చేర్చాం. ఆ రాత్రి మా ఆవిడ పాత అట్టపెట్టె విప్పి కారు ముందు భాగం కింద పరిచింది. తెల్లారి చూస్తే అట్ట మీద ఒక్క మరక లేదు. అట్ట పరీక్షకు ఖర్చు లేదు, మెకానిక్ అక్కర్లేదు, ఇంట్లో ఎవరైనా చేయవచ్చు. అనుమానం ఉన్న ప్రతిసారీ చేయండి.

కారని సొట్టతో అసలు చిక్కు

మర్నాడు ఒక గ్యారేజీలో చూపిస్తే, ఛాంబర్ అడుగున అరచేతి వెడల్పున సొట్ట ఉందని చెప్పి, "లీకేజీ లేదు కదా, నడుపుకోండి సార్" అన్నారు. మాట సబబుగానే ఉంది. అయితే పది రోజుల్లో మేం మా అమ్మను, పిల్లలను తీసుకుని విజయనగరం వెళ్లాలి. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ఖరగ్‌పూర్, బాలాసోర్, భువనేశ్వర్, బరంపురం, ఇచ్ఛాపురం మీదుగా జాతీయ రహదారి 16 మీద 800 కిలోమీటర్ల పైచిలుకు. అమ్మకు 74 ఏళ్లు. మధ్యలో ఎక్కడో చిలికా పక్కన రాత్రిపూట ఇంజన్ ఆగిపోతే పరిస్థితేమిటన్నది నా బెంగ.

అందుకే ఇంకో అభిప్రాయం తీసుకుందామని, మా శాఖ ఖాతాదారుడైన ఒక ఉస్తాగర్‌ను అడిగాను. ఉస్తాగర్ అంటే ఇక్కడ బట్టలు కుట్టించే మేస్త్రీ. ఆయన తన మిషన్ల సందు చివరున్న ఒక పెద్ద వయసు మెకానిక్ దగ్గరకు పంపాడు. ఆ పెద్దాయన వచ్చీరాని హిందీ ఉర్దూ కలిపి చెప్పిన మాట సారాంశం ఇది: "లీకేజీ సంగతి సరే భాయ్‌సాబ్, సొట్ట జాలీ కింద పడిందా, పక్కన పడిందా? అది చెప్పండి ముందు."

ఆ ప్రశ్నలోనే విషయమంతా ఉంది. స్ట్రైనర్ మూతికీ ఛాంబర్ అడుగుకూ మధ్య ఖాళీ కొద్ది మిల్లీమీటర్లే. పక్కన ఎక్కడో పడిన సొట్ట వల్ల పెద్దగా నష్టం లేదు. సరిగ్గా మూతి కింద పడి ఆ ఖాళీని మూసేస్తే మాత్రం, గ్లాసు అడుక్కి స్ట్రా నొక్కి పెట్టి కొబ్బరినీళ్లు తాగబోయినట్టు ఉంటుంది. గ్లాసు నిండా ఉన్నా నోట్లోకి రావు.

మరి ఊళ్లో తిరిగినప్పుడు ఎందుకు తెలియదు? ట్రాఫిక్‌లో ఇంజన్ నిమిషానికి 800 నుంచి 1,500 చుట్లలో తిరుగుతుంటుంది. పంపు పీల్చే ఆయిల్ తక్కువ. సన్నటి సందులోంచి కూడా ఆపాటి ఆయిల్ దూరి వస్తుంది. రహదారి మీద గంటల తరబడి 3,000 చుట్ల దగ్గర నడిపితే పంపు పీల్చాల్సింది రెండు మూడు రెట్లు. అంత ఆయిల్ ఆ సందులో పట్టదు. పంపు ఆయిల్‌తో పాటు బుడగల్ని తీసుకుంటుంది, ప్రెషర్ పడిపోతుంది. ఊళ్లో వారం రోజులు బాగా నడిచిందన్నది రహదారికి హామీ కాదు.

దీపం వెలుగుతుంది కదా అనవచ్చు. ఆ దీపం స్విచ్ మామూలుగా ప్రెషర్ అర బార్ లోపుకు పడితేనే వెలిగేలా పెట్టి ఉంటుంది. ఐడిల్‌లో ఆ కొలత సరిపోతుంది. రహదారి వేగంలో ఇంజన్‌కు కావలసిన ప్రెషర్ అంతకు ఎన్నో రెట్లు. 3 బార్ ఉండాల్సిన చోట 1 బార్ ఉన్నా దీపం వెలగదు, లోపల బేరింగులు అరుగుతూనే ఉంటాయి. అది వెలిగేసరికి జరగాల్సింది చాలావరకు జరిగిపోయి ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే, వాయిదా తప్పిన మొదటి నెలలో వచ్చే హెచ్చరిక కాదది, ఖాతా ఎన్‌పీఏ అయ్యాక వచ్చే నోటీసు.

ప్రెషర్ గేజీ, పిండి ముద్ద

సొట్ట ఎక్కడుందో, ఎంత లోతో తేల్చడానికి రెండు పద్ధతులు చూశాను.

మొదటిది గేజీ. దీపానికి సంబంధించిన ఆయిల్ ప్రెషర్ స్విచ్ విప్పి, ఆ రంధ్రంలో ముల్లు గేజీ బిగిస్తారు. ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఎంత, 3,000 చుట్ల దగ్గర ఎంత అని చూసి, ఆ కారు సర్వీస్ పుస్తకంలో ఉన్న అంకెతో పోల్చాలి. మా కారుకు ఐడిల్‌లో బాగానే ఉంది. యాక్సిలరేటర్ తొక్కి పట్టినప్పుడు ముల్లు పైకి వెళ్లి, అక్కడ నిలవకుండా వణుకుతూ కిందికి దిగింది. పెద్దాయన నా వైపు చూసి తల ఊపాడు. ఇక ఛాంబర్ విప్పక తప్పదు.

రెండోది విప్పాక చేసేది. పక్క హోటల్ నుంచి నిమ్మకాయంత రోటీ పిండి ముద్ద తెప్పించాడు. దాన్ని పలచని ప్లాస్టిక్ కాగితంలో చుట్టి స్ట్రైనర్ మూతికి అంటించి, సొట్ట ఛాంబర్‌నే మళ్లీ నాలుగు బోల్టులతో పైకి బిగించి విప్పాడు. నలిగిన ముద్ద మందం స్కేలు పెట్టి కొలిస్తే 2 మిల్లీమీటర్లు. కొత్త ఛాంబర్ తెచ్చాక అదే పరీక్ష చేస్తే 8 మిల్లీమీటర్లు వచ్చింది. అంటే ఆయిల్ దూరే దారి నాలుగో వంతు మిగిలింది. "దీంతో మార్కెట్టుకు వెళ్లి రావచ్చు, మీ ఊరు వెళ్లలేరు" అన్నాడు పెద్దాయన. పరీక్ష అయ్యాక పిండి రేణువు కూడా లోపల మిగలకుండా జాలీని కిరోసిన్‌తో కడిగాడు. అదే సమయంలో స్ట్రైనర్ గొట్టం వంగిందా, అతుకు దగ్గర చీలిందా, దాని రబ్బరు రింగు బాగుందా అన్నదీ చూడాలి. గొట్టం ఎక్కడ గాలి లాగినా ఫలితం ఒకటే.

సాగదీయాలా, మార్చాలా?

అది ఛాంబర్ ఏ లోహంతో చేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

అయస్కాంతం అంటుకుంటే ఇనుప రేకు. అది దెబ్బకు సొట్ట పడుతుంది కానీ మామూలుగా పగలదు. సొట్ట చిన్నదైతే ఛాంబర్ విప్పి, శుభ్రంగా కడిగి, ఇసుక సంచి మీద బోర్లించి, లోపలి నుంచి చెక్క సుత్తితో మెల్లగా సాగదీయవచ్చు. తర్వాత రెండు విషయాలు చూడాలి. ఒకటి, బోల్టులు కూర్చునే అంచు వంకర పోకుండా సమంగా ఉందా. గాజు పలక మీద పెడితే తెలుస్తుంది. రెండు, కంటికి కనపడని చీలిక ఉందా. వెలుపల సుద్ద పూసి, లోపల కిరోసిన్ పోసి ఉంచితే, చీలిక ఉన్న చోట సుద్ద తడిసి గీత కనిపిస్తుంది. కారు మీద ఉన్నదాన్ని ఉన్నట్టే బయటి నుంచి లాగి సొట్ట తీస్తామంటే ఒప్పుకోవద్దు. లోపల స్ట్రైనర్ ఏమైందో చూసే అవకాశం పోతుంది.

అయస్కాంతం అంటుకోకపోతే చాలావరకు అల్యూమినియం. ఇది వంగదు, చీలుతుంది. దీన్ని సుత్తితో కొట్టకూడదు. చేయి తిరిగిన వెల్డరు అయితే అతుకు పెట్టగలడు కానీ, అంచు వంకర పోయే ప్రమాదం ఉంది. మార్చడమే మేలు. ఎంసీల్ లాంటి ముద్దలు పెట్టడం గ్యారేజీ దాకా చేరడానికి తప్ప ఊళ్లు తిరగడానికి కాదు.

మాది ఇనుప రేకే అయినా సొట్ట లోతుగా ఉండి డ్రెయిన్ నట్ గూడు కూడా పక్కకు ఒరిగింది. అందుకని కొత్తదే వేయించాం. కోల్‌కతాలో పాత స్పేర్ పార్టులకు మల్లిక్ బజార్ పేరున్న చోటు. అక్కడ పాత ఛాంబర్ దొరకవచ్చు గానీ, అంచు సమంగా ఉందో లేదో చూసే అనుభవం మనకు లేనప్పుడు కొత్తది కొనడమే నిశ్చింత.

బిగించేటప్పుడు దగ్గరుండి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. పాత గ్యాస్కెట్ జిగురు రెండు ముఖాల మీదా పూర్తిగా గీకి తుడవాలి. కొత్త సిలికాన్ జిగురు సన్నటి తాడులా, ఎక్కడా తెగకుండా, బోల్టు రంధ్రాలకు లోపలి వైపుగా చుట్టూ రావాలి. ఎక్కువ పూస్తే మంచిదనుకుంటారు. నొక్కినప్పుడు ఎక్కువైనది లోపలికి పొంగి, ముక్కలుగా ఊడి, ఆ జాలీకే అడ్డం పడుతుంది. బోల్టులు చిన్నవి, ఎదురెదురుగా ఒక్కొక్కటీ కొంచెం కొంచెం బిగించాలి. బలం చూపిస్తే అంచు వంగి అక్కడే కారడం మొదలవుతుంది. జిగురు ఆరడానికి దాని డబ్బా మీద రాసినంత సమయం ఇచ్చాకే ఆయిల్ పోయాలి. ఫిల్టర్ కొత్తది, ఆయిల్ కారు పుస్తకంలో చెప్పిన గ్రేడుది. తీసిన పాత ఆయిల్‌ను కాలువలో పోయనివ్వకండి. చట్టప్రకారం అది ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తుంది. దాన్ని కొనుక్కునే అధీకృత రీసైక్లర్లు ఉంటారు.

అన్నీ అయ్యాక గేజీ మళ్లీ పెట్టి చూడమని అడిగాను. ముల్లు వెళ్లిన చోట నిలిచింది. రెండు రోజులు ఊళ్లో తిప్పి, మళ్లీ అట్ట పరిచి చూసి, బయల్దేరాం. అమ్మ సిరిమాను చూసింది.

బీమా లెక్క

బ్యాంకువాళ్లం కనుక ఈ లెక్క కూడా వేసుకుందాం. రోడ్డు మీద తగిలిన దెబ్బ ఓన్ డ్యామేజ్ భాగం కిందికి వస్తుంది. క్లెయిమ్ చేయాలనుకుంటే విప్పకముందే బీమా కంపెనీకి చెప్పాలి. సర్వేయర్ చూశాకే గ్యారేజీ చేయి వేయాలి.

ఉదాహరణకు మొత్తం బిల్లు 7,000 రూపాయలు అనుకుందాం. అందులో ఛాంబర్ 3,500, ఆయిల్, ఫిల్టర్, జిగురు కలిపి 2,000, కూలీ 1,500. జీఎస్టీ పక్కన పెడదాం. కారుకు 3 ఏళ్లు దాటి 4 నిండకపోతే లోహపు భాగాలకు తరుగుదల 25 శాతం, అంటే 875 పోతుంది. ఆయిల్ లాంటివి ప్రత్యేకంగా కన్స్యూమబుల్స్ కవర్ తీసుకుంటే తప్ప ఇవ్వరు. 1,500 సీసీ వరకు ఉన్న కారుకు తప్పనిసరి కోత 1,000, అంతకు మించితే 2,000. చిన్న కారుకు చేతికొచ్చేది 3,125.

ఇప్పుడు రెండో వైపు. వరసగా 3 ఏళ్లు క్లెయిమ్ లేనివారికి నో క్లెయిమ్ బోనస్ 35 శాతం. ఇక మీదటా క్లెయిమ్ చేయకపోతే వచ్చే మూడేళ్లలో 45, 50, 50 శాతం రాయితీ. క్లెయిమ్ చేస్తే అది 0, 20, 25. తేడాలు కూడితే 45, 30, 25, మొత్తం 100 శాతం. అంటే ఒక ఏడాది ఓన్ డ్యామేజ్ ప్రీమియం మొత్తం పోయినట్టు. అది 8,000 అయితే, 3,125 కోసం మూడేళ్లలో 8,000 వదులుకున్నట్టు. నేను క్లెయిమ్ చేయలేదు. జీరో డిప్రిసియేషన్, బోనస్ ప్రొటెక్షన్ కవర్లు ఉన్నవారికి లెక్క మారుతుంది. మీ పాలసీ తీసి మీ అంకెలతో వేసుకోండి.

అయితే ఇంజన్ పోతే ఇంత సులువు కాదు. మన మోటారు పాలసీ షరతుల్లో ఒకటి ఇలా ఉంటుంది: ప్రమాదం తర్వాత మరమ్మతు చేయించకుండా బండి నడిపితే, దానివల్ల పెరిగిన నష్టం యజమానిదే. ఛాంబర్‌కు దెబ్బ తగిలాక నడిపి ఇంజన్ సీజ్ అయితే, ఛాంబర్ ఖర్చు ఇచ్చి ఇంజన్ ఖర్చు కాదంటారు. వేలల్లో పోయేది లక్షలోకి వెళ్తుంది, అదీ మన జేబులోంచి. ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ ఉన్నా, తెలిసి నడిపామంటే దానికీ పేచీ వస్తుంది. దెబ్బ తగిలిన చోటే ఇంజన్ ఆపి, తేదీ, సమయం కనిపించేలా ఫొటోలు తీసుకోమనేది ఇందుకే.

తగలకుండా చూసుకోవాలంటే

స్పీడ్ బ్రేకర్ మీదికి ఎక్కేముందే బ్రేకు వేసి, ఎక్కేటప్పుడు వదిలేయాలి. బ్రేకు మీద ఉంటే కారు ముక్కు కిందికి వంగి ఛాంబర్ నేలకు దగ్గరవుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. కాలనీల్లో ఎవరికి వారు కట్టుకునే గట్లు ఆ లెక్కలో ఉండవు కనుక, ఎత్తు చూసి అవసరమైతే పెద్దవాళ్లు, పిల్లలు తప్ప మిగతావారు దిగి దాటించడం నామోషీ కాదు.

రోడ్డు మధ్యలో రాయి ఉంటే రెండు చక్రాల మధ్య నుంచి పోనిద్దామనిపిస్తుంది. తప్పించుకునే దారి లేనప్పుడు, కాస్త చదునైన రాయి మీదికి మెల్లగా ఒక చక్రం ఎక్కించడమే మేలు. చక్రం ఎక్కితే ఆ వైపు కారూ లేస్తుంది. మధ్య నుంచి పోనిస్తే ఛాంబర్‌కు రాయికీ మధ్య ఉన్నది ఆ కాస్త ఖాళీనే.

అడుగున ఇనుప గార్డు వేయించుకునేవారు, దానివల్ల ఖాళీ ఇంకొంచెం తగ్గుతుందనీ, కారే ఆయిల్ గార్డు మీదే నిలిచి కనపడదనీ గుర్తుంచుకోవాలి. డ్రెయిన్ నట్ దగ్గర రంధ్రం ఉన్న గార్డే తీసుకోండి. ప్రతి సర్వీసులోనూ కారు పైకెత్తినప్పుడు ఒక నిమిషం కింద నిలబడి ఛాంబర్‌ను మీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. పోయినసారి ఫొటో పక్కన పెడితే కొత్త సొట్ట ఉందో లేదో మీకే తెలుస్తుంది.

సొట్ట కనిపిస్తే మెకానిక్‌ను అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇది జాలీ కింద ఉందా, పక్కన ఉందా? దూర ప్రయాణానికి ముందు దానికి జవాబు తెలుసుకోండి.